పరాయి ఊరిలో జబ్బుపడితే

(వరాలా తలావ్ తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంఘమువారు ఈ ఉగాది సభలో నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు నేను వెనుకాడినాను. నేను పండితుడను కాను, వైద్యుడనూ కాను. మెట్రిక్కు వరకు చదివి, రైల్వేలో టికెట్టు కిటికీ వెనుక కూర్చుండే గుమాస్తాను. మా నాయన ఈ వరాలా తలావ్ ప్రక్కనే సాంచాలు నడిపి నన్ను చదివించినారు. అందుచేత నేను చెప్పబోయేది పుస్తకములో చదివినది తక్కువ, కిటికీలో నుండి చూచినది ఎక్కువ. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక.

ఈ సంవత్సరము పేరు పరాభవ. పంచాంగ శ్రవణములో ఆ పేరు వినగానే మన తల్లులు కొందరు ముఖము చిన్నబుచ్చుకొన్నారు. 60 ఏండ్ల క్రిందట, 1966లో కూడ ఇదే పేరుగల సంవత్సరము వచ్చినది. మన తాతలు, తండ్రులు దానిని దాటినారు గనుకనే మనము ఈ పందిరి క్రింద కూర్చున్నాము. సంవత్సరము పేరుకు నేను భయపడను. కాని పరాభవమనగా ఏమో ఒకచోట కండ్లార చూచినాను. ఆ చోటు దవాఖానా కిటికీ.

రాత్రియంతా నిలబడి నాలుగు సాంచాలు నడిపే మనిషి, ఇంటిలో ఆరుగురికి అన్నము పెట్టే మనిషి, ఆ కిటికీ ముందర తన నొప్పిని తన నోటితో చెప్పలేడు. లోపలివారు అడిగినది అర్థముకాదు. వెనుకనున్నవారు తొందరపెట్టుదురు. ఆయన తలవంచుకొని ప్రక్కకు జరిగి నిలబడును. కొంతసేపటికి ఇంటికి వచ్చి, "ఊరికి పోదాం" అనును. ఈనాడు నేను చెప్పదలచినది ఈ "ఊరికి పోదాం" అనే మాటను గురించియే.

మా ఇంటి సంగతితోనే మొదలుపెట్టెదను. ఇతరుల ఇంటి సంగతి చెప్పుటకు నాకు అధికారము లేదు.

మా అక్కను సిరిసిల్ల ప్రక్క పల్లెకు ఇచ్చినాము. మా బావగారు 2017లో భివండీకి వచ్చి కార్ఖానాలో చేరినారు. ఆరు నెలలలో దగ్గు పట్టుకొన్నది. "సాంచాల మీద దగ్గు రానోడెవడు బామ్మర్దీ, దూది దుమ్ము గద" అని నవ్వి ఊరుకొన్నారు. సాయంకాలము జ్వరము, రాత్రి చెమట, లుంగీ వదులగుట. చివరకు 2018లో పరీక్ష చేయించగా క్షయ అని తేలినది. మందులు ఉచితముగానే ఇచ్చినారు. ఆ దినము ఆయనతో నేను పోలేదు. డ్యూటీ ఉన్నదన్నాను. డ్యూటీ ఉన్న మాట నిజమే, కాని మార్చుకొనుటకు వీలున్న డ్యూటీయే.

మందులిచ్చినవారు "సహా మహినే" అని చెప్పినారు. మరాఠీలో సహా అనగా ఆరు. మా బావకు కొంచెము ఉర్దూ వచ్చును, మరాఠీ రాదు. తెలుగులో సహా అంటే "కూడ" అనే గదా. ఈ నెల, దానితో సహా వచ్చే నెల అని ఆయన లెక్క వేసుకొన్నారు. రెండు నెలలకు దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది. రోగము పోయినదని ఆయన అనుకొన్నారు. ఒంటిలో నీరసము మాత్రము ఉన్నది. నా దగ్గరకు వచ్చి, "టికెట్ తియ్యి బామ్మర్దీ, ఊరికి పోత. ఊరి గాలి తాకితే నాలుగు దినాలల్ల లేచి కూసుంట" అన్నారు.

ఆ టికెట్టు నేనే తెచ్చినాను. దేవగిరి ఎక్స్‌ప్రెస్సు, కళ్యాణు నుండి నిజామాబాదుకు. క్రింది బెర్తు దొరికినదని గర్వపడినాను గూడ. మందులు ఇంకా నాలుగు నెలలు మింగవలెనని అడిగి తెలుసుకొనలేదు. చదువుకొన్నవాడను, మరాఠీ వచ్చినవాడను, అడుగలేదు.

ఏడు నెలలకు ఆయన మనిషి సగమై తిరిగి వచ్చినారు. ఈసారి తెమడ పరీక్షలో, పాత మందులకు లొంగని క్షయ అని తేలినది. సగములో ఆపిన మందు రోగమును చంపలేదు, దానికి కుస్తీ నేర్పినది. అప్పటి పద్ధతి ప్రకారము నెలల తరబడి కెనామైసిన్ సూదులు పొడిచినారు. ప్రాణము దక్కినది, కాని ఆ మందు చెవులను తినివేసినది. అది ఆ మందుకున్న గుణము. ఈనాడు ఆయనకు సాంచా చప్పుడు గూడ వినపడదు.

మా బావగారు ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చున్నారు. నేను చెప్పేది ఆయనకు వినపడుట లేదు. నిన్న రాత్రి కాగితము మీద వ్రాసి అనుమతి అడిగినాను. ఆయన క్రిందనే వ్రాసి ఇచ్చినారు: "చెప్పు. టికెట్ సంగతి గూడ చెప్పు." అందుకే చెప్పినాను.

సోదరులారా, మందులు లేక ఆయన చెవులు పోలేదు. మందులు ఉన్నవి, ఉచితముగానే ఉన్నవి. ప్రక్కన ఒక మనిషి లేక పోయినవి. ఈ ఊరిలో మనకు దొరకనిది వైద్యము కన్న ముందు, వైద్యము దాక తీసుకొనిపోయే తోడు.

జబ్బు చేయగానే మనము ఊరి దారి ఎందుకు పట్టెదము? నాకు తోచినంతవరకు కారణములు మూడు. మొదటిది కూలి, రెండవది భాష, మూడవది కాగితము.

కూలి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీటర్ల లెక్కన పగారు, 12 గంటల పాళీ. పనికి పోని దినము పైసా రాదు, దవాఖానా వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోవును. నేను రైల్వే నౌకరుడను. నాకు జబ్బు సెలవు ఉన్నది, కళ్యాణులోను భైకళాలోను రైల్వే ఆసుపత్రులున్నవి, చూపించుటకు కార్డు ఉన్నది. నాకూ మా బావకూ ఒక్క తలుపే అడ్డము, కాని జబ్బు విషయములో మేము రెండు దేశములవారము. కార్మికుల కొరకు 1948లో ఈఎస్ఐ చట్టము వచ్చిన మాట నిజమే. పదిమంది పనిచేసే చోటికి ఈఎస్ఐ వర్తించును. మన కార్ఖానాలు చాల వరకు చిన్న చిన్న షెడ్లు. ఒక్కొక్క షెడ్డులో నలుగురు, అయిదుగురు. హాజరు పుస్తకములో పేరే లేనివానికి ఈఎస్ఐ కార్డు ఎక్కడినుండి వచ్చును? పెద్ద కార్ఖానాలో పనిచేసేవారు మాత్రము మొగమాటపడక, "సేఠ్, మా పేరు ఈఎస్ఐలో ఉన్నదా?" అని అడుగవలెను. అడుగుట తప్పు కాదు.

ఇక భాష. ఇది నవ్వు పుట్టించును, ఏడుపూ పుట్టించును. మన వాడకట్టులోని ఒక పెద్దమ్మ తలనొప్పితో దవాఖానాకు పోయి "పోటు, పోటు" అన్నది. మరాఠీలో పోట్ అనగా కడుపు. వారు కడుపు నొక్కి చూచి కడుపునొప్పి మాత్ర ఇచ్చినారు. మరొకసారి డాక్టరమ్మ "చక్కర్ యేతే కా?" అని అడిగినది, కండ్లు తిరుగుచున్నవా అని. మన అవ్వ "లేదు తల్లీ, నాకు చక్కెర లేదు" అన్నది. కండ్లు తిరిగి క్రిందపడినందుకే ఆమెను తీసుకొనివచ్చినారు! డాక్టరుది తప్పు కాదు, అవ్వదీ తప్పు కాదు. ఇద్దరి నడుమ ఒక మనిషి లేకపోవుటయే తప్పు.

ఆ నడుమ మనిషిగా మనము తరచుగా పిల్లలను నిలబెట్టుచున్నాము. మరాఠీ బడిలో చదివే పదేండ్ల పిల్లవాడు అమ్మకు దుబాసీ. జ్వరమైతే సరే. కాని ఒక తల్లి తన ఆడ జబ్బును కన్నకొడుకు నోట చెప్పించగలదా? చెప్పించలేక ఏండ్ల తరబడి కొంగు చాటున దాచుకొన్న తల్లులు మన మధ్యలోనే ఉన్నారు. పిల్లవాని నోట "మీ నాయనకు పెద్ద జబ్బు" అని చెప్పించుట ఆ పిల్లవానికి గూడ అన్యాయము. ఈ పనికి పెద్దవారు కావలెను. తల్లులకు ఆడవారే తోడుపోవలెను.

అయినను ఎవరూ దొరకని పూట ఉండును. కాబట్టి అయిదు మరాఠీ మాటలు ప్రతి ఇంటిలోను గోడకు వ్రాసి పెట్టుకొందము. "మలా దోన్ ఆఠవడే ఖోక్‌లా ఆహే" అనగా నాకు రెండు వారములుగా దగ్గు ఉన్నది. "ఛాతీత్ దుఖ్తే" అనగా రొమ్ములో నొప్పి. "దమ్ లాగ్తో" అనగా దమ్ము వస్తున్నది. ఈ మాట మనకు దగ్గరదే. "ఔషధ్ కితీ దివస్ ఘ్యాయచే?" అనగా మందు ఎన్ని దినములు వాడవలెను? "పరత్ కధీ యాయచే?" అనగా మరల ఎప్పుడు రావలెను? ఈ చివరి రెండు ప్రశ్నలు అడుగక కిటికీ వదలవద్దు. చెప్పిన లెక్కను అంకెలలో వ్రాయించుకొనండి. 6 అని వ్రాసిన అంకెను ఏ భాషవాడైనను చదువగలడు. మా బావ చీటీ మీద ఆ ఒక్క అంకె ఉండిన యెడల ఈ ప్రసంగముతో పని ఉండేది కాదు.

మరొక మాట. మీరు చేసే పని ఏమో డాక్టరుకు తప్పక చెప్పండి. దూది దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఒకటి వేరుగా ఉన్నది. దానికి బిస్సినోసిస్ అని పేరు. సెలవు తరువాత మొదటి దినము కార్ఖానాలో అడుగు పెట్టగానే రొమ్ము పట్టివేసినట్లగుట దాని గుర్తు. ఇది అంటుకొనే జబ్బు కాదు, క్షయ అంటుకొనే జబ్బు. రెండింటికీ దగ్గు ఒక్కటే. అందుచేత "సాంచా దగ్గులే" అని తీర్పు చెప్పుటకు మనమెవరము? రెండు వారములు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించవలెను. ఇంటిలో ఒకరికి క్షయ తేలితే మిగిలినవారు, ముఖ్యముగా పిల్లలు, పరీక్ష చేయించుకొనవలెను.

మూడవది కాగితము. ఇక్కడనే మనవారు ఎక్కువ మోసపోవుచున్నారు. ఒకరు మోసము చేయుట చేత కాదు, రెండు రాష్ట్రముల పద్ధతులు వేరగుట చేత. మన వైపు తెల్ల రేషను కార్డు అనగా పేదవాని కార్డు. మహారాష్ట్రలో తెల్ల కార్డు కలిగినవాని కార్డు. పేదవారికి పసుపు రంగు, నారింజ రంగు కార్డులు. "నాది తెల్ల కార్డు సాబ్, గరీబును" అని ఒక పెద్దమనిషి ఇక్కడి కిటికీలో చెప్పుచుండగా నేను విన్నాను. అవతలివారు నవ్వినారు. ఆయనకు ఎందుకు నవ్వినారో తెలియలేదు.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనది. అది మన ఊరి కార్డుతో మన రాష్ట్రము ఏర్పాటు చేసిన ఆసుపత్రులలో నడిచేది. ఆ కార్డు ఇక్కడ భివండీలో చూపితే పని జరుగదు. మహారాష్ట్రలో 2012లో జీవన్‌దాయీ పథకము మొదలైనది. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన అని పేరు మార్చినారు. దీనికి మహారాష్ట్ర కాగితములు కావలెను. ఇక్కడ పదేండ్లుగా బ్రతుకుచు, పిల్లలను ఇక్కడి బడిలో వేసి, రేషను కార్డు మాత్రము ఊరిలో ఉంచుకొన్న కుటుంబములు మనలో ఎన్నో. "ఒకే దేశము, ఒకే రేషను కార్డు" వచ్చినది గదా అందురు. అది 2019లో మొదలైన మంచి ఏర్పాటే. ఊరి కార్డు మీద ఇక్కడ బియ్యము తెచ్చుకొనవచ్చును. కాని బియ్యము దొరికినంత మాత్రమున ఆపరేషను దొరకదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు జబ్బు దినమున నీటిలో పడును. స్థిరముగా ఇక్కడనే ఉండదలచినవారు ఆరోగ్యముగా ఉన్నప్పుడే ఆలోచించి, ఊరి కార్డులో పేరు తీయించి ఇక్కడ ఎక్కించుకొనుట మేలు. జబ్బు వచ్చిన పిమ్మట తహసీలు కచేరీ చుట్టు తిరుగుట ఎవరివల్ల కాదు.

రాష్ట్రముల హద్దు దాటి పనికి వచ్చే కార్డు ఒకటి ఉన్నది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు. అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు, ఆ పథకములో చేరిన ఆసుపత్రిలో, ఇతర రాష్ట్రములలో గూడ చెల్లును. 2024 అక్టోబరు చివర నుండి 70 ఏండ్లు నిండిన పెద్దలకు ఆదాయముతో నిమిత్తము లేక ఈ సౌకర్యము కలిగించినారు. అవ్వలారా, తాతలారా, ఆధార్ కార్డులో మీ వయస్సు సరిగా ఉన్నదో లేదో ఈ వారమే చూపించుకొనండి. పథకములున్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే బల్ల ఒకటి ఉండును. ఇక్కడ గూడ ఆ పేరే. ముందు ఆ బల్ల దగ్గరకు పోయి అడిగి, తరువాతనే డబ్బు కట్టండి.

కార్డు ఏదియు లేనివారి గతి ఏమి? వారికి గూడ తలుపులు మూయలేదు. మన భివండీలోని ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి రాష్ట్ర ఆరోగ్యశాఖది. ఆ శాఖ ఆసుపత్రులలో 2023 ఆగస్టు 15 నుండి చికిత్స ఉచితము చేసినారు. కిటికీలో "కేస్ పేపర్" అని అడుగవలెను. ఆ కాగితము జాగ్రత్త. అది పోయిన మీ జబ్బు చరిత్ర పోయినట్లే. అక్కడ కాని పెద్ద జబ్బుకు కల్వాలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ ఆసుపత్రి, అటుపైన బొంబాయిలో 1845 నాటి జేజే, 1926 నాటి కేఈఎం, క్యాన్సరుకు 1941 నాటి టాటా మెమోరియల్ ఉన్నవి. జేజేకు భైకళాలో దిగవలెను. కేఈఎంకు, టాటాకు పరేలు స్టేషను దగ్గర. పరేలులో ఫాస్టు బండ్లు సాధారణముగా ఆగవు, కళ్యాణులో స్లో బండి చూచి ఎక్కండి. ఇది మాత్రము నేను అధికారముతో చెప్పగల మాట! ప్రాణము మీదికి వచ్చినప్పుడు 108. మన ఊరిలో ఏ నెంబరో ఇక్కడా అదే నెంబరు.

ధర్మాదాయ ఆసుపత్రుల సంగతి గూడ చెప్పవలెను. ట్రస్టుల క్రింద నడిచే పెద్ద ఆసుపత్రులు నూటికి 10 మంచములు బీదలకు ఉచితముగాను, మరి 10 మంచములు కొద్ది ఆదాయము గలవారికి తక్కువ ఖర్చుతోను ఉంచవలెనని 2006లో బొంబాయి హైకోర్టు ఆమోదించిన పథకము ఉన్నది. మేడను చూచి భయపడి తిరిగి రాక, లోపలికి పోయి, అక్కడి సాంఘిక కార్యకర్తను అడిగి, ఆదాయపు కాగితము చూపవలెను.

ఇక మా రైల్వే సంగతి. క్షయ రోగి చికిత్స కొరకు ప్రయాణము చేసినప్పుడు స్లీపరులో ఛార్జీ నూటికి 75 తగ్గును, తోడు పోయే ఒక మనిషికి గూడ. క్యాన్సరు రోగికి స్లీపరులోను, మూడవ తరగతి ఏసీలోను టికెట్టు ఉచితము. తోడు మనిషికి నూటికి 75 తగ్గింపు. గుండె ఆపరేషనుకు, మూత్రపిండముల డయాలిసిస్‌కు పోయేవారికి గూడ తగ్గింపులున్నవి. డాక్టరు నిర్ణయించిన ఫారము మీద వ్రాసి ఇచ్చిన ధ్రువపత్రము కిటికీలో చూపవలెను. రోగి తోడు లేక కదలలేడని రైల్వేవారికి గూడ తెలిసినది చూడండి. మనకు తెలియక ఎందరో నిండు ఛార్జీ కట్టి పోవుచున్నారు.

ఇంతకును ఊరికి పోవద్దని నేననుట లేదు. అక్కడ అమ్మ ఉన్నది, గంజి కాచి పోసే చెయ్యి ఉన్నది. జబ్బు మనిషికి అదియు మందే. కాని మందును మధ్యలో వదలి పోవద్దు. క్షయ రోగికి నిక్షయ్ అనే లెక్కలో ఒక నెంబరు ఇత్తురు. ఆ నెంబరు దేశమంతటా చెల్లును. "నేను ఊరికి పోతున్నాను, నా చికిత్సను అక్కడికి మార్చండి" అని అడిగితే మార్చెదరు. మన ఊరి ప్రభుత్వ దవాఖానాలో మిగిలిన మందులు ఉచితముగా దొరకును. పోషణ కొరకు 2018లో నెలకు 500 రూపాయలు ఇచ్చుట మొదలుపెట్టినారు. 2024 నవంబరు నుండి అది 1000 అయినది. బ్యాంకు ఖాతాలో పడును.

ఊరి గాలితోనే క్షయ పోవునని మన పెద్దలు నమ్మినారు. వారిని తప్పు పట్టరాదు. వారి కాలములో మదనపల్లి దగ్గర ఆరోగ్యవరము శానిటోరియము, అనంతగిరి కొండల శానిటోరియము అట్లే ఏర్పడినవి. అప్పుడు మందు లేదు, గాలియే మందు. కాని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనా కేంద్రమువారు రోగులను రెండు తెగలు చేసి చూచినారు. కొందరిని శానిటోరియములో మంచి తిండి, విశ్రాంతితో ఉంచినారు. కొందరిని తమ తమ ఇరుకు ఇండ్లలోనే ఉంచి మందులిచ్చినారు. ఇంటిలో ఉన్నవారికి గూడ శానిటోరియములో ఉన్నవారి వలెనే నయమైనదని 1959లో ప్రకటించినారు. ఆ మాట విని ప్రపంచమంతయు పద్ధతి మార్చుకొన్నది. ఆ రోగులు మనవంటి బీదవారే. కాబట్టి వరాలా తలావ్ ప్రక్క పదడుగుల గదిలో గూడ క్షయ నయమగును. గాలి మారనక్కరలేదు, మందు తప్పకుండిన చాలును. మందుకు లొంగని క్షయకు గూడ 2024లో ప్రభుత్వము అనుమతించిన క్రొత్త పద్ధతి వచ్చినది. అర్హులైన రోగులకు సూది లేకుండ 6 నెలలు మాత్రలే. మా బావకు అది కొన్నేండ్లు ఆలస్యమైనది. ఇంకొకరికి ఆలస్యము కారాదు.

దూరదేశము సంగతి ఒక్కటి చెప్పి ముగించెదను. దక్షిణ కొరియాకు మన తెలుగు పిల్లలు చదువులకు, ఉద్యోగములకు పోవుచున్నారు. 2019 జూలై నుండి ఆ దేశములో ఆరు నెలలు మించి ఉండే పరదేశి గూడ వారి జాతీయ ఆరోగ్య బీమాలో చేరవలెనని నియమము పెట్టినారు. నెలనెలా చందా కట్టును, కార్డు పొందును. పరదేశికి అక్కడ భాష రాకపోవచ్చును, కాని లెక్కలో పేరు ఉన్నది. మనమో స్వదేశములోనే ఉన్నాము. ఇక్కడి బట్టను నేసినది మన చేతులు గూడ. మనము ఇచ్చగించి లెక్కలోకి ఎక్కకపోతే ఎవరు ఎక్కించెదరు?

ఇప్పుడు సంఘమువారికి నా విన్నపము. డబ్బు అడుగుట లేదు. ఒక నోటుబుక్కు అడుగుచున్నాను. మరాఠీ వచ్చిన మన యువకులు, మరాఠీ బడులలో చదివిన మన ఆడబిడ్డలు, పింఛను పుచ్చుకొన్న పెద్దలు దానిలో తమ పేర్లు వ్రాయవలెను. ఒక్కొక్కరు నెలకు ఒక్క దినము ఇచ్చిన చాలును. ఎవరింట జబ్బు వచ్చినను, ఆ దినము పేరున్నవారు దవాఖానాకు తోడు పోవలెను. తోడు పోయినవారికి మూడు కట్టుబాట్లు. రోగి చెప్పినది చెప్పినట్లు చెప్పవలెను. డాక్టరు చెప్పినది దాచక చెప్పవలెను. అక్కడ విన్నది వాడకట్టులో చెప్పరాదు. మూడవ కట్టుబాటు తప్పినవారి పేరు నోటుబుక్కులో నుండి కొట్టివేయవలెను. క్షయ అని పేరు పడితే ఆడపిల్ల పెండ్లి ఆగునని భయపడి మందులు దాచి మింగే ఇండ్లు నాకు తెలుసును. ఆ భయమును మన నోటితో పెంచరాదు.

ఈ ఉగాదికి అయిదు దినముల తరువాత మార్చి 24 వచ్చును. 1882లో ఆ దినముననే కాక్ పండితుడు క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించినాడు. ప్రపంచమంతయు దానిని క్షయ దినముగా పాటించును. ఆ దినము లోపల నోటుబుక్కు తెరువవలెనని కోరుచున్నాను. మొదటి పేరు నాది వ్రాసికొనండి. నెలకు రెండు దినములు, ఒకటి నా వంతు, ఒకటి నేను ఎగవేసిన ఆ దినపు బాకీ. డ్యూటీ ఉన్నదని చెప్పను, మార్చుకొనెదను.

ఏటేట బతుకమ్మను ఈ తలావ్‌లోనే సాగనంపుచున్నాము. ఈ నీరే త్రాగుచున్నాము. ఇది పరాయి ఊరు అనుటకు నాకు ఇప్పుడు నోరు రాదు. తోడు లేని ఊరు పరాయిది, తోడున్న ఊరు మనదే. మన వాడకట్టులో ఒక్క మనిషి గూడ దవాఖానా కిటికీ ముందర ఒంటరిగా తలవంచుకొని నిలబడకుండ చేయగలిగితే, ఈ సంవత్సరపు పేరు మన గడపకు దూరముగానే ఉండును.

వినలేకపోయినను కదలక కూర్చున్న మా బావగారికి నమస్కరించి విరమించుచున్నాను.